దున్నకపోతే గ్రాంటు

భీమవరం,
5-10-1981

అక్కయ్యకు గున్నేశ్వరరావు నమస్కారాలు. ఇక్కడ నేనూ నా సైకిలూ క్షేమం. సైకిలు వెనక చక్రానికి మాత్రం కాస్త జబ్బు.

ఉత్తరం ఆలస్యమైందని కోప్పడకు. మా వ్యవసాయ శాఖలో కొత్త స్కీము ఒకటి వచ్చి నా నెత్తిన పడింది. పొలం దున్నకుండానే విత్తనం వేసే యంత్రం. తీసుకున్న రైతు ఖర్చులో కొద్దిగా పెట్టుకుంటే చాలు, మిగతాదంతా గవర్నమెంటు గ్రాంటు. రెండు గోదావరి జిల్లాలకీ కలిపి స్కీము. తిరిగేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

ఇక్కడి రైతుల్ని కదిపితే, "మేం పొలాలు తవ్వి చేపల చెరువులు చేసేసుకుంటన్నామండి. చేపల్ని విత్తే యంత్రం ఉంటే చెప్పండి, తీసుకుంటాం" అంటున్నారు. మార్చి లోపల ఒక్క యంత్రమైనా రైతు చేలో నడవకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. గ్రాంటుతోపాటు నేనూ పోతాను. నాది టెంపరరీ పోస్టని నీకు తెలుసు కదా.

అందుకని నిన్నే అడుగుతున్నాను. బావగారికి మెల్లగా చెప్పు. కొత్త వస్తువంటే ఆయనకి పడదని తెలుసు, అయినా నువ్వు చెబితే వింటారు. అప్పారావు బావగారు తీసుకుంటే ఊళ్లో నలుగురూ తీసుకుంటారు.

మెస్సులో సాంబారు రోజురోజుకీ పలచబడుతోంది. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకుంటున్నాను.

నీ తమ్ముడు
గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
12-10-1981

చిరంజీవి గున్నూకి, నిన్ను చంకనేసుకుని పెంచిన అక్క సుబ్బాయమ్మ దీవెనలు. మేమంతా బాగానే ఉన్నాం. పప్పులో వేసుకోవడానికి గోంగూర పచ్చడి పంపుతాను, ఆ సాంబారు తాగకు.

యంత్రం సంగతి మీ బావగారికి చెప్పాను. ఆయన అప్పుడు దున్నపోతులకి కుడితి పెడుతున్నారు. మల్లిగాడికీ నల్లోడికీ కుడితి పెట్టేటప్పుడు ఆయన మనసు మెత్తగా ఉంటుంది. అంతా విని, "రాగిరేకా, వెండిరేకా?" అన్నారు. నాకూ అదే అనుమానం, నువ్వు రాయలేదు. పొలంలో ఏ మూల పాతాలి? ఈశాన్యం మూల మనకి బోదె ఉంది. నీళ్లలో నానితే దాని శక్తి పోదూ?

గట్టు అవతలి చేను చిట్టియ్య సంగతి తెలుసుగా, దేనికైనా నవ్వుతాడు. వాళ్ల మామగారు ఎలకలు పోవడానికి ఇలాగే యంత్రం రాయించి పొలంలో పాతితే, ఎలకలన్నీ పక్క చేలోకి పోయాయట. ఆ పక్క చేను ఎవరిదనుకున్నావు? మనదే. "మీ యంత్రంతో మీ దున్నపోతులు మా చేలోకి వస్తాయేమో చూసుకోండమ్మా" అంటున్నాడు.

ఏమైనా గవర్నమెంటువాళ్లకి ఇన్నాళ్లకి దేవుడి మీద భక్తి కలిగింది. కార్తీకమాసంలో పంపించు. ఇంట్లో ఎలాగూ నీచు వండను, నిష్ఠకి నిష్ఠా ఉంటుంది.

సుబ్బాయమ్మ

భీమవరం,
19-10-1981

అక్కా,

రాగిరేకు కాదు. ఇనుము. మంత్రాలు లేవు, బోల్టులు ఉన్నాయి. నిలబెట్టిన మంచమంత ఉంటుంది. పైన విత్తనాల పెట్టె, కింద వరసగా కర్రులు. ట్రాక్టరు వెనక తగిలిస్తారు. కర్రు నేలని కత్తితో గీసినట్టు సన్నగా కోస్తుంది, విత్తనం ఆ గాట్లో పడుతుంది, అంతే. సార్వా వరి, అదే తొలకరి పంట, కోసిన చేలో మినుముకి మళ్లీ దుక్కి అక్కర్లేదు.

దీన్ని ఈశాన్యంలో పాతితే బోదె మూసుకుపోతుంది. పాతకండి.

ట్రాక్టరు అద్దెకి మండపేటలో నేనే మాట్లాడతాను. బావగారిని ఊఁ అనిపించు చాలు. గోంగూర అందింది. పక్క గది ఆయనకి వాసన కూడా అందింది, సగం పోయింది.

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
28-10-1981

గున్నూ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన చుట్ట తీసి, "ఏమేవ్, మినుముకి మనం ఎప్పుడు దున్నాం?" అన్నారు. నేనూ అదే అడుగుతున్నాను. ఎప్పుడు దున్నాంరా? కోతకి ముందు, వరి చేలో నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తాం. కోసేవాళ్ల కాళ్ల కింద పడి, పదునులో దిగబడి, అవే మొలుస్తాయి. మా అత్తగారూ అంతే, ఆవిడ అత్తగారూ అంతే. దున్నని చేలో దున్నకుండా ఉండటానికి ఇనప మంచం ఎందుకు?

మినపసున్ని తినేటప్పుడు ఇంత నోరు తెరిచావు కానీ, మినుములు ఎలా పండుతాయో ఒక్కసారి గట్టు మీదకి వచ్చి చూశావా?

అలా అని నీ ఉద్యోగం పోనిస్తానా? ఏం చేయమంటావో రాయి. చేస్తాం.

దీపావళికి నువ్వు కాల్చాల్సిన చిచ్చుబుడ్లు చిట్టియ్య కాల్చాడు. పంచె కాలింది. నవ్వుతూనే ఉన్నాడు.

అక్క

భీమవరం,
31-10-1981

అక్కకి నమస్కారాలు.

నీ మాట పట్టుకెళ్లి మా పెద్దాఫీసరు గారిని అడిగాను. "అయ్యా, మావాళ్లు మినుముకి దున్నరండి. వాళ్లకి గ్రాంటు రాదా?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సారా మానేసేవాడికి బహుమానం ఇస్తాం గానీ, మొదట్నించీ ముట్టనివాడికి ఇస్తామా గున్నేశ్వరరావూ? రూల్సు ప్రకారం, దున్నుతున్న రైతు దున్నడం మానాలి" అన్నారు.

ఆలోచించగా ఒకటే దారి కనబడింది. ముందు మీరు ఒక ఎకరం దున్నండి. దున్నుతుండగా ఫొటో తీయించి పంపండి. దాంతో మీరు దున్నే రైతులని రుజువవుతుంది. ఆ తర్వాత మానేయండి. అప్పుడు గ్రాంటు వస్తుంది.

చదవడానికి ఎలా ఉందో నాకూ తెలుసు. కానీ కాగితం మీద చాలా బాగుంది. ఈ ఒక్కసారికే ఈ శ్రమ. యంత్రం వచ్చాక ఇక దున్నలతో పనే ఉండదు.

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
9-11-1981

గున్నూ,

నీ కోరిక తీరింది. ఊరు నవ్వడం మాత్రం ఇంకా తీరలేదు.

ముందుగా కోతకొచ్చిన మెరక ఎకరం కోయించి, మర్నాడే నాగలి కట్టించాను. చేలో ఇంకా తడి ఆరలేదు. మల్లిగాడు, నల్లోడు మోకాళ్ల దాకా దిగబడుతుంటే మీ బావగారి మొహం చూడాలి. ఆయన ఆ రెండింటినీ గట్టిగా అదిలించను కూడా లేదు. దారినపోయేవాళ్లంతా ఆగి, "ఏంటండి అప్పారావు గారు, సార్వా మళ్లీ ఊడుస్తున్నారేంటి?" అని అడగడమే. "దున్నడం మానేయడానికి దున్నుతున్నామండి" అని నేను చెప్పాను. అడక్కపోతేనే బాగుండేదనుకుని వాళ్లు వెళ్లిపోయారు.

మండపేట నుంచి ఫొటో స్టూడియో అబ్బాయిని పిలిపించాను. వాడు బూట్లతో వచ్చి బురదలో ఒకటి పోగొట్టుకున్నాడు. "నవ్వండి సార్" అంటే మీ బావగారు నవ్వలేదు. గట్టు మీద కూర్చున్న చిట్టియ్య నవ్వాడు. ఫొటోలో వాడూ పడ్డాడు. వేరే తీయడానికి ఆ అబ్బాయికి ఓపిక లేదు, ఇదే పంపుతున్నాను.

మీ బావగారు ఊళ్లోవాళ్లతో కలిసి అన్నవరం బయలుదేరారు. సత్యనారాయణ స్వామి వ్రతం చేయించుకుని, తలుపులమ్మ లోవ కూడా చూసుకుని, దారిలో గుళ్లన్నీ తిరిగి తాపీగా వస్తారట. నాకు నడుం నొప్పి, వెళ్లలేదు. నిజానికి ఊళ్లోవాళ్ల మాటలు పడలేక వెళ్లారనుకుంటాను.

అక్క

గట్టువారిపాలెం,
17-11-1981

గున్నూకి దీవెనలు.

నీ టెలిగ్రాం అందింది. టెలిగ్రాం అంటే చావు కబురే అనుకున్నాను. తడిచేత్తోనే పోస్టాఫీసుకి పరుగెత్తాను. పోస్టాఫీసంటే మల్లేశ్వరరావు గారి కిరాణా కొట్టే కదా. ఆయన బెల్లం తూచడం ఆపి, కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "దున్న వద్దు. మెషిన్ వస్తోంది."

నేను రెండోసారి చదివించాను. అదే మాట. "ఇంత ఖర్చుపెట్టి తంతి ఇచ్చారంటే అర్జంటు అనే కదమ్మా. దున్నలుంటే గ్రాంటు ఆపేస్తారేమో. గవర్నమెంటు వ్యవహారం, మీ ఇష్టం" అన్నారాయన.

మీ బావగారు ఊళ్లో లేరు. ఎప్పుడొస్తారో తెలియదు. నీ ఉద్యోగం కళ్ల ముందు కనబడింది. యంత్రం వచ్చాక దున్నలతో పని ఉండదని నువ్వు ముందు ఉత్తరంలో రాసిన మాటా గుర్తొచ్చింది. ఏడుస్తూనే రెండింటినీ సంతకి తోలించాను. నల్లోడు వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూశాడు. గోదావరి అవతలి ఒడ్డాయన ఒకరు కొన్నారు. పేరు పల్లంరాజు. భీమవరం వైపు చేపల వ్యాపారమట. మనిషి మర్యాదస్తుడే, పలుపులు కూడా తిరిగి ఇచ్చేశాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇక మెషిన్ పంపించు. మీ బావగారికి నువ్వే ఒక ఉత్తరం రాయి.

అక్క

భీమవరం,
20-11-1981

అక్కా అక్కా,

ఎంత పని చేశావే! "దున్నవద్దు" అని ఒకే మాటగా రాశాను. పొలం దున్నవద్దు అని! మిగిలిన చేను కూడా దున్నేస్తారేమోనని భయపడి ఇచ్చాను. ముందు "పొలం" అని ఇంకో మాట చేరిస్తే ఖర్చు పెరుగుతుందని ఆపాను. మీ మల్లేశ్వరరావు గారు దాన్ని రెండు ముక్కలు చేశారు. దున్నపోతుల్ని వద్దనడానికి నేనెవర్ని? నన్ను చిన్నప్పుడు మల్లిగాడి తల్లి మీద ఎక్కించి కాలవ దాటించింది బావగారే.

పల్లంరాజు కోసం ఇవాళే బయలుదేరుతున్నాను. ఈ ఊళ్లో చేపల వ్యాపారంలో లేనివాడు నేనొక్కణ్ణే, వెతకడం కష్టం. అయినా వెతుకుతాను. మెషిన్ లారీ మీద వస్తోంది. దింపించుకో.

బావగారికి ఏం రాయాలో తెలియడం లేదు. రెండు కాగితాలు చింపేశాను.

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
28-11-1981

గున్నూ,

మీ బావగారు వచ్చారు.

అన్నవరం ప్రసాదం ఆకు పొట్లాలు తెచ్చారు. ఇంట్లోకి కూడా రాకుండా ఒక పొట్లం పట్టుకుని నేరుగా పాకలోకి వెళ్లారు, వాటికి పెట్టడానికి. అక్కడ నీ ఇనప మంచం ఉంది. లారీవాళ్లు చోటు ఖాళీగా ఉందని అందులోనే దింపి పోయారు.

"ఏవీ?" అన్నారు.

"అమ్మేశానండి" అన్నాను.

పొట్లం తీసుకెళ్లి గాడిలో పెట్టి, అరుగు మీద కూర్చున్నారు. టెలిగ్రాం సంగతీ, మల్లేశ్వరరావు గారి సంగతీ, నీ ఉత్తరం సంగతీ అన్నీ చెప్పాను. విన్నారో లేదో తెలియదు. అప్పటినుంచీ నాతో మాట లేదు. కూరలో ఉప్పు తక్కువైతే, "ఈ ఇంట్లో ఉప్పు అయిపోయిందేమో" అని గోడతో చెబుతున్నారు. నేనూ గోడకే సమాధానం చెబుతున్నాను.

ఒక్కటే నాకు బాధ. పాక తుడవలేక విసుగొచ్చినప్పుడు, "వీటిని ఎవరికైనా ఇచ్చేయండి, పీడా పోతుంది" అని నేను అనేదాన్ని. ఏ ఆడది అనదు? ఇప్పుడు ఆ మాట పట్టుకుని, నేను కావాలనే, ఆయన లేని సమయం చూసి అమ్మేశానని ఆయన అనుకుంటున్నారు. పైకి అనలేదు. అనకపోతే నాకు తెలియదా?

యంత్రం పెట్టెలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఇప్పటికి దానివల్ల వచ్చిన లాభం అదే.

మిగిలిన చేలో మినుములు చల్లేశాం, కోతలు అయ్యాయి. నీ సంగతి తొందరగా రాయి.

అక్క

భీమవరం,
9-12-1981

అక్కకి నమస్కారాలు. శుభవార్త నీకు ఈపాటికి గుమ్మంలో కట్టేసి ఉంటుంది. ఎలా జరిగిందో రాస్తాను.

పల్లంరాజుని ఐసు ఫ్యాక్టరీ దగ్గర పట్టుకున్నాను. నన్ను చూసి పారిపోతాడేమో, ధర పెంచుతాడేమో అని ఎన్నో అనుకుని వెళ్లాను. దున్నలు అనగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆయ్, తీసుకుపోండి బాబూ, పుణ్యం ఉంటదండి! చేపల బండికి కట్టానండి. పొద్దున్న బాగానే లాగుతన్నాయండి. ఎండెక్కిందంటే చాలు, బండితో సహా కాలవలోకి దిగిపోతన్నాయండి! ఐసంతా కరిగిపోయింది. చచ్చిన చేపలు తేలతన్నాయి, బతికున్నయ్యి ఈదుకుంటా పోతన్నాయి. మా పెదబాబు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడండి" అన్నాడు. కొన్న ధరకే ఇచ్చేశాడు. రేవుదాకా తోడుగా పెదబాబుని కూడా పంపాడు. పాపం, అతను నిజంగానే సైగలతో మాట్లాడుతున్నాడు.

బావగారిని రేవుకి రమ్మని కబురు పంపిన తర్వాత, నేను రేవుకి వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం ఆఫీసులో కాగితం ఇచ్చారు. పెద్దాఫీసరు గారు మర్నాడే మీ ఊరు వచ్చి యంత్రం నడవడం చూస్తారట, నేను హాజరు కావాలట. కాసేపు ఆలోచించాను. యంత్రాన్ని నడపడానికి ట్రాక్టరు డ్రైవరు ఉన్నాడు. దున్నల్ని తోలడానికి నేను తప్ప ఎవరున్నారు? రేవుకే వెళ్లాను.

గోదావరి దాటించే పంటు ఇవతలి ఒడ్డుకి వచ్చేసరికి బావగారు దాని అంచునే నిలబడి ఉన్నారు. మల్లిగాడు నా చేతిలో పలుపు లాగేసుకుని నీళ్లలోంచే ఎదురెళ్లాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని దున్నల దగ్గరికి వెళ్లారు. నల్లోడి మెడ నిమురుతూ, "మీ అమ్మగారు అమ్మేస్తే, ఆవిడ తమ్ముడు కొనుక్కొచ్చాడురా. అమ్మడం కొనడం అంతా పుట్టింటివాళ్లే చూసుకుంటున్నారు, మనదేముంది" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "అన్నం తిన్నావా?" అన్నారు. తినలేదన్నాను. పంచె కొంగున కట్టుకొచ్చిన అటుకులు సగం నాకు పోసి, పంటు ఎక్కేశారు.

ఆ అటుకులు తింటుంటే ఎందుకో కళ్లు నిండాయి.

అక్కడ ఆఫీసరు గారితో ఏం జరిగింది?

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
11-12-1981

గున్నూకి దీవెనలు.

దున్నలు వచ్చాయి. చిక్కిపోయాయి. చేపల కంపు కొడుతున్నాయి. మీ బావగారు మూడుసార్లు కడిగారు. ఇంకా పాకలో కాలు పెడితే చేపల సంత.

ఇక మీ ఆఫీసరు గారి రాక. తెల్ల ప్యాంటు వేసుకుని జీపు దిగారు. దిగడంతోనే, "గున్నేశ్వరరావు ఏడీ?" అన్నారు. నీకు చెడ్డపేరు రాకూడదని, "జ్వరమండి, లేవలేకపోతున్నాడు" అన్నాను. అదే సమయానికి మల్లేశ్వరరావు గారు అతి మర్యాదకి పోయి, "బంధువుల పెళ్లికి వెళ్లాడండి" అన్నారు. చిట్టియ్య ఊరుకుంటాడా? "దున్నపోతుల కోసం వెళ్లాడండి" అన్నాడు. ఆఫీసరు గారు ముగ్గురివైపూ చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి మూడూ రాసుకున్నారు.

యంత్రాన్ని మనం దున్నిన ఎకరంలో దింపారు. ఖాళీగా ఉన్నది అదొక్కటే మరి. తడిలో దున్నాం కదా, అది ఎండి ఒక్కో బెడ్డ ఇటుకంత అయింది. యంత్రం బెడ్డల మీద గంతులేసింది. మినుములు తిరగమోతలో ఆవాల్లా ఎగిరాయి. ఒకటి ఆయన కళ్లజోడుకి తగిలింది. "దున్నకుండా వేసే యంత్రానికి ఈ చేను ఎవరు దున్నమన్నారు?" అని కేకలేశారు. "మీరేనండి" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని జీపు వైపు నడిచారు.

జీపు ఎక్కబోతుండగా చిట్టియ్య మొదటిసారి నవ్వకుండా వచ్చాడు. వాడి చేలో చల్లిన మినుము మొలకెత్తగానే బాతుల మంద దిగి మొత్తం మేసేసింది. తోలేసేసరికే గడ్డి తప్ప ఏమీ మిగల్లేదు. మళ్లీ చల్లుదామంటే పదును ఆరిపోయింది. "ఎలాగూ పోయిన చేనండి. ఆ గంతులేవో నా చేలో వేయించండి" అన్నాడు. అక్కడ యంత్రం గంతులేయలేదు. వరిమోళ్ల మధ్య గీతలు గీసుకుంటూ వెళ్లిపోయింది. వెనక నడిచి చూశాను, ఒక్క గింజ పైకి కనబడలేదు.

మీ బావగారు సాయంత్రం దున్నలతో వచ్చారు. పని అయ్యాక మళ్లీ పాకలో దింపిన యంత్రాన్ని బయట పెట్టించారు. నాతో మాట్లాడలేదు. దున్నలతో మాట్లాడుతున్నారు. "ఈసారి నేను ఊరెళ్తే మిమ్మల్ని కూడా తీసుకెళ్తానులేరా" అని నాకు వినబడేలా అన్నారు.

అక్క

భీమవరం,
18-12-1981

అక్కా,

మెమో ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేసి రాస్తున్నాను. "తీవ్ర జ్వరముతో బాధపడుచు, బంధువుల వివాహమునకు హాజరై, అచ్చట దున్నపోతులను సేకరించుటకు గల కారణములను, దున్నకుండా సేద్యము చేయు పథకములో ఉద్యోగిగా మీరు వెంటనే వివరింపవలెను."

నిజమే రాసిచ్చాను. టెలిగ్రాం నుంచి రేవుదాకా మొత్తం. ఆఫీసులో అది చేతులు మారి అందరూ చదివారట. హెడ్ గుమాస్తా గారు నా దగ్గరికి వచ్చి, "తర్వాత ఏమైందయ్యా, మీ బావగారు మాట్లాడారా?" అని అడిగారు. లేదని చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నారు.

ఏ శిక్ష వేస్తారో తెలియదు. దానికి ఇప్పుడు భయం లేదు కానీ, మీ ఇద్దరి మధ్య నావల్ల ఇలా అయిందని మాత్రం నిద్ర పట్టడం లేదు.

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
5-2-1982

గున్నూకి దీవెనలు. అటకెక్కించిన పెన్ను ఇవాళే దింపాను. పనుల్లో పడి రాయలేదు.

చిట్టియ్య చేను చూడటానికి ఊళ్లో ఆడాళ్లంతా వెళ్లాం. దువ్వెనతో పాపిళ్లు తీసినట్టు సాళ్లు. లోపల పడ్డ గింజకి లోపలి చెమ్మ అందిందట. పైనేమో బాతులకి కనబడలేదు. మన చల్లిన చేను బాగానే ఉంది. ఎప్పటిలాగే ఉంది. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, కలుపు తీయడానికి నేనైతే చిట్టియ్య చేలోకే వెళ్తాను. సాళ్ల మధ్య కాలు పెట్టడానికి చోటుంది. పదును ఉన్నప్పుడు మన చల్లకం, పదును పోతే నీ యంత్రం. మా అత్తగారు బతికుంటే ఆవిడకీ ఇదే చెప్పేదాన్ని.

మనం దున్నిన ఎకరంలో మాత్రం పిచ్చిమొక్క కూడా లేదు.

యంత్రం మీద సంతకం చేయమంటే మీ బావగారు గోడకేసి, "నా దున్నల్ని పాకలోంచి గెంటిన దానికి నేను సంతకం చేయనని చెప్పండర్రా" అన్నారు. అప్పుడు చిట్టియ్య ముందుకొచ్చాడు. దున్నే రైతని రుజువేదని మీవాళ్లు అడిగితే, మన ఫొటో చూపించి, "గట్టు మీద నవ్వుతూ కూర్చున్నది నేనేనండి, కూలి ఇచ్చి దున్నిస్తున్నానండి" అని రాయించాడట. వాళ్లు ఒప్పుకున్నారు కూడా. మొత్తానికి నీ యంత్రానికి ఒక ఇల్లు దొరికింది. మేం నలుగురం వాడుకుని అద్దె ఇస్తామన్నాం.

అన్నీ సర్దుకున్నాయి. ఒక్క మనిషి తప్ప. ఆయనకి కోపం పోయిందని నాకు తెలుస్తూనే ఉంది. మొన్న నాకు నడుం పట్టేస్తే ఆముదం గిన్నె వేడిచేసి తలుపు దగ్గర పెట్టి వెళ్లారు. కానీ ఇన్నాళ్లు మాట్లాడని మనిషి ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక తిరుగుతున్నారు. నేనే మొదలుపెట్టవచ్చు. అమ్మింది నేనే కదా అని నా నోరూ రావడం లేదు.

అక్క

భీమవరం,
12-2-1982

అక్కకి, బావగారికి నమస్కారాలు.

శిక్ష పడింది. పెద్దాఫీసరు గారు పిలిచి, ఎదురుగా నిలబెట్టి చదివారు. విధులకు చెప్పకుండా గైర్హాజరైనందుకు నన్ను గోదావరి అవతలికి బదిలీ చేశారు. ఒక్క యంత్రం ఎక్కడ నడిచిందో ఆ పంచాయతీ సమితిలోనే మకాం పెట్టి, మిగిలిన యంత్రాలు కూడా రైతులకి అప్పగించేదాకా కదలకూడదట. నా పోస్టు ఇంకో రెండేళ్లు పొడిగించారు. "ఆ మారుమూలకి పోయి బుద్ధి తెచ్చుకో" అన్నారు.

ఆ మారుమూల మండపేట, అక్కా. మన ఊరికి సైకిలు దూరం.

మొహం విచారంగా పెట్టడానికి చాలా కష్టపడ్డాను. హెడ్ గుమాస్తా గారు బయటకి తీసుకొచ్చి టీ ఇప్పించారు. ఆ శిక్ష ఏ ఊరికి వేయాలో సూచించింది ఆయనేనని అనుమానం.

మండపేటలో గది దొరికేదాకా మీ ఇంట్లో ఉండవచ్చా? బావగారు ఏమనుకుంటారో, ముందు అడిగి రాయి. ఆయన కాదంటే నేనేమీ అనుకోను.

గున్నేశ్వరరావు

గట్టువారిపాలెం,
17-2-1982

ఒరేయ్ గున్నూ,

నీ ఉత్తరం చదివి ఇటు గోడకి చెప్పాలా, అటు పాకకి చెప్పాలా అని చూస్తూ, చివరికి రెండింటి మధ్యా నిలబడి గట్టిగా చదివాను. మీ బావగారు దున్నలకి గడ్డి వేస్తున్నారు. వింటున్నట్టే లేరు. గడ్డి వేసి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్లిపోయారు.

నా ప్రాణం ఉసూరుమంది. నీకు ఏమని రాయాలా అని గుమ్మంలో కూర్చున్నాను.

కాసేపటికి వెనక గదిలో చప్పుడైంది. చూస్తే, అటక మీద ఉన్న పాత పట్టె మంచం దింపుకుంటున్నారు. దాని నవారు ఎప్పుడో వేలాడిపోయింది. అంతా విప్పేశారు. కొత్త నవారు చుట్ట తెచ్చి ఒక కొస కట్టి, ఒక్కరే లాగడానికి చూశారు. మంచం నేల మీద జరిగిపోతోంది తప్ప నవారు బిగియడం లేదు. ఇటు లాగితే అటు వదులు, అటు లాగితే ఇటు వదులు. చెమటలు పట్టాయి. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నానని ఆయనకి తెలుసు.

"అలా చూస్తావేంటే? వాడు వచ్చి దీనిమీదేగా పడుకోవాలి. ఆ కొస పట్టుకో" అన్నారు.

వెళ్లి పట్టుకున్నాను. చెరో పక్కా కూర్చుని, కాళ్లు మంచంకోళ్లకి తన్నిపెట్టి లాగాం. "ఇంకొంచెం" అంటారు, "అబ్బ, చాలండి" అంటాను. మంచం అల్లడం పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. దాని మీద ఆయన కూర్చుని చూసి, నన్నూ కూర్చోమన్నారు. ఇద్దరం కూర్చున్నా వేలాడలేదు.

బయలుదేరి రా.

అక్క